'మునెమ్మ' నవలలో మౌనం: కథకుని స్థానం, స్త్రీ అస్తిత్వం

డా. కేశవరెడ్డి (1946-2015) రచించిన 'మునెమ్మ' 2007లో 'చతుర'లో వెలువడి, 2008లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణగా పుస్తకరూపం పొందింది. రచయిత స్వస్థలం చిత్తూరు జిల్లా తలపులపల్లె. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి కుష్ఠువ్యాధి చికిత్సాలయంలో వైద్యులుగా పనిచేస్తూనే ఆయన తన నవలలను ఎక్కువగా పుట్టిన నేలమీదే నడిపారు.

ఈ నవలపై సాగిన వాదోపవాదాలు ప్రధానంగా ఒక సన్నివేశాన్ని ఆశ్రయించుకున్నాయి. మునెమ్మ తన చేతులమీదుగా సాకిన బొల్లిగిత్త ఆమెపైనే కామచేష్టకు దిగుతుంది. అది చూసిన భర్త జయరాముడు గిత్తను చావబాది, ఆమెనూ కొట్టి, గిత్తను అమ్మివేయడానికి తోలుకుపోతాడు. గిత్త ఒంటరిగా తిరిగివస్తుంది, జయరాముడు రాడు. ఆ సన్నివేశం ఔచిత్యమెంత, అనౌచిత్యమెంత అన్న చర్చలో అంతకంటె మౌలికమైన ప్రశ్న వెనకబడింది. ఆ క్షణాన మునెమ్మ మనసులో ఏం జరిగింది?

నవల దీనికి నేరుగా సమాధానమివ్వదు. కారణం కథనంలోనే ఉంది. ఇందులో కథకుడు సినబ్బ అనే కుర్రవాడు. మునెమ్మ వెంట నడిచినవాడు, ఆమె తెగువను కళ్లారా చూసినవాడు అతడే. అతని దృష్టికి అందినంతే పాఠకునికి అందుతుంది. భర్త చేత దెబ్బలు తిన్న స్త్రీ, ఆ భర్త హత్యకు ప్రతీకారం తీర్చుకోవడానికి ఎందుకు బయలుదేరిందో సినబ్బకు పూర్తిగా తెలిసే అవకాశం లేదు. భార్యాధర్మమా, గిత్తపై పడిన నిందను తుడిచివేయాలన్న పట్టుదలా, తన మాట తాను నిలుపుకోవడమా? మూడింటికీ ఆధారాలు వెతకవచ్చు, ఏ ఒక్కటీ స్థిరపడదు. ఈ అనిశ్చితియే నవలకు బలం.

క్షోభ సిద్ధాంతంతో దీనిని చదవబూనిన పరిశోధకులకు ఇక్కడ చిక్కు ఎదురవుతుంది. కేథీ కరూత్ 1996 నాటి గ్రంథంలో, గాయం తగిలిన క్షణంలో అనుభవానికి పూర్తిగా అందదని, తరువాత పదేపదే మరలివచ్చి వెంటాడుతుందని ప్రతిపాదించారు. మునెమ్మ గాయం ఆమెను వెంటాడదు. ఆమే హంతకులను వెంటాడుతుంది. ఆమె మౌనాన్ని మూగవోవడంగా వ్యాఖ్యానించడం కంటె, సంజాయిషీ ఇవ్వడానికి నిరాకరించడంగా గ్రహించడం సమంజసం.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథ తెలిసినవారికి వేరొక పోలిక స్ఫురిస్తుంది. స్త్రీలను చెరబట్టే పాలెగాడు భయంతో దాక్కోగా గంగమ్మ రోజుకొక వేషంలో వెదకి, దొరవేషంలో అతని తల నరికిందని ఐతిహ్యం. ఏటా జాతరలో ఆ వేషాలన్నీ పునరావృతమవుతాయి. మునెమ్మ పేరులోని 'ముని' కూడా ఈ ప్రాంతపు గ్రామదేవత మునీశ్వరుని స్ఫురింపజేసేదే. అయితే పోలికను ఇంతకుమించి సాగదీయరాదు. గంగమ్మ తనను అవమానించినవానినే దండించింది. మునెమ్మ దండించినది తనను కొట్టినవానిని చంపినవారిని. ఈ భేదాన్ని విస్మరించి ఆమెను శక్తిస్వరూపిణిగా కీర్తించే వ్యాఖ్యానం నవలలోని అసలు ముడిని విప్పకుండానే పక్కకు పెట్టినట్లవుతుంది.

భాష విషయంలోనూ ఒక పేచీ ఉంది. సంభాషణల్లో చిత్తూరు మాండలికం జీవంతో పలుకుతుంది. కథనం మాత్రం శిష్టవ్యావహారికం వైపు మొగ్గుతుంది. పల్లె కుర్రవాని నోట ఆ వాక్యాలు అక్కడక్కడ పొసగవు. సినబ్బ మాటున రచయిత తొంగిచూసే ఆ చోట్ల కూడా మునెమ్మ అంతరంగం తెరుచుకోకపోవడం గమనార్హం.

ఇదే రచయిత 'అతడు అడవిని జయించాడు' నవలలో పందులు కాచే ముసలివానికి పేరైనా పెట్టలేదు. కానీ ఆ రాత్రి అడవిలో అతని భయం, లెక్క, ఆశ అన్నీ పాఠకునికి తెలుస్తాయి. మునెమ్మకు పేరుంది, అదే గ్రంథనామం కూడా. ఆమె ఆలోచనలోకి మాత్రం ప్రవేశం లేదు. పురుష పాత్రకు దక్కిన ఈ అంతరంగ కథనం స్త్రీ పాత్రకు దక్కకపోవడం రచయిత పాటించిన సంయమనమా, ఆయన దృష్టికున్న పరిమితియా అన్నది కేశవరెడ్డి నవలలన్నింటినీ పక్కపక్కన పెట్టి తేల్చవలసిన అంశం.