పాట మన పేటది, సినిమా ఎవరిది?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు చుట్టుపక్కల ఏ పేటకు వెళ్ళినా ఇవాళ కెమెరా పట్టిన కుర్రాడు ఒకడు కనిపిస్తాడు. ఏప్రిల్ 14కి అంబేద్కర్ పాట, డిసెంబరులో క్రిస్మస్ పాట, మధ్యలో డబ్బు పెట్టేవాడు దొరికితే ఒక ప్రేమ పాట. పాడేవాళ్ళు మనోళ్ళే, డప్పు మనోళ్ళదే, తీసేదీ మనోళ్ళే. లొకేషన్ మాత్రం ఎప్పుడూ ఒకటే: కొల్లేరు గట్టు, గూడబాతులు, పొద్దుగూకే వేళ నీళ్ళ మీద వెలుగు. "తర్వాతేంటి?" అని అడిగితే అందరిదీ ఒకే జవాబు: "సినిమా తీస్తామండి." ఈ మాటను నవ్వి వదిలేసేవాళ్ళున్నారు. మేము వదిలెయ్యదలుచుకోలేదు. పాట తీసిన చెయ్యి సినిమా తియ్యబోయినప్పుడు దానితోపాటు ఏం వస్తుంది, ఏం వెనక ఉండిపోతుంది అన్నది దళిత సాంస్కృతికోద్యమం తేల్చుకోవలసిన ప్రశ్న. ఆ దారిన ముందు నడిచిన ముగ్గురు దర్శకులను పక్కపక్కన పెట్టి చూద్దాం.

వీడియో పాటల నుంచి వచ్చిన దర్శకుల మీద ఒక ఆరోపణ ఉంది. వీళ్ళకు కథ తెలీదు, మెరుపులూ కత్తిరింపుల వేగమూ మాత్రమే తెలుసు అని. ఇది పైపై విమర్శ. డేవిడ్ ఫించర్ మడోన్నా పాటలు తీసి వచ్చినవాడే. 1995లో అతను తీసిన 'సెవెన్'లో కథకేం లోటు రాలేదు. అసలు విషయం వేగం కాదు, అమరిక. వీడియో పాటలో పాడే మనిషి ముందుంటాడు. మిగతా మనుషులు, ఇళ్ళు, నీళ్ళు, పశువులు అన్నీ అతని వెనక తెర. నాలుగు నిమిషాల్లో ఆ వెనకవాళ్ళకు పేరు పెట్టే తీరిక ఉండదు. సినిమాకి రెండు గంటల తీరిక ఉంది. ఆ తీరికను దర్శకుడు ఎవరికిచ్చాడు? మా కొలత ఇదొక్కటే.

ఎఫ్. గ్యారీ గ్రే లాస్ ఏంజెలెస్ నల్లవాడల్లో పెరిగినవాడు. 1993లో ర్యాప్ గాయకుడు ఐస్ క్యూబ్ పాట 'ఇట్ వాజ్ ఎ గుడ్ డే'కి వీడియో తీశాడు. గొడవ లేకుండా గడిచిన ఒక్క రోజు ఆ పాట వస్తువు. నల్ల కుర్రాడికి అంతకంటే పెద్ద పండగ లేదు! 1995లో అదే ఐస్ క్యూబ్‌తో మొదటి సినిమా 'ఫ్రైడే' తీశాడు. ఇందులోనూ ఒక్క రోజే. ఇద్దరు స్నేహితులు అరుగు మీద కూర్చుని వీధిని చూస్తుంటారు, అంతే కథ. కానీ పాటలో వెనక తెరగా ఉన్న వీధి సినిమాలో మనుషులయింది. కుక్కలు పట్టే ఉద్యోగం చేసే తండ్రి, కొట్టి లాక్కునే రౌడీ, పాస్టరు, అందరికీ మాటా మొహమూ వచ్చాయి. పేదవాడను చూపించి జాలి అడుక్కోలేదు. మన పేట అరుగుల మీద నడిచే వేళాకోళం లాంటిదే అక్కడా నడిచింది.

అయితే ఇదే గ్రే 2015లో ఎన్‌డబ్ల్యుఎ ర్యాప్ బృందం చరిత్రను 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్'గా తీశాడు. ఆ బృందంలోని డాక్టర్ డ్రే 1991లో డీ బార్న్స్ అనే మహిళా జర్నలిస్టును కొట్టిన సంగతి సినిమాలో లేదు. ఆ ఏడే ఆమె వ్యాసం రాసి ఈ సంగతి అడిగింది. పోలీసు దెబ్బలు తిన్న మగాళ్ళకు రెండు గంటలకు పైగా తీరిక దొరికింది, వాళ్ళ చేతుల్లో దెబ్బలు తిన్న ఆడమనిషికి ఒక్క నిమిషం దొరకలేదు. దళిత స్త్రీలు మన సంఘాలను అడుగుతున్న ప్రశ్న కూడా ఇదే కదా.

మెలీనా మట్సూకాస్ స్త్రీ. 2016లో ఆమె తీసిన బియాన్సే పాట 'ఫార్మేషన్'లో వరదనీళ్ళలో మునిగిపోతున్న పోలీసు కారు మీద గాయని నిలబడుతుంది. 2005 కత్రినా తుఫానులో న్యూ ఆర్లియన్స్ నల్లవాళ్ళను ప్రభుత్వం ఎలా వదిలేసిందో చూపడానికి ఆ ఒక్క బొమ్మ చాలు. 2019లో ఆమె మొదటి సినిమా 'క్వీన్ అండ్ స్లిమ్' వచ్చింది. పోలీసు ఆపిన ఒక జంట, చేతిలో పేలిన తుపాకి, పరుగు. దారిలో వాళ్ళు డాన్సు చేస్తారు, దెబ్బలాడుకుంటారు, దగ్గరవుతారు. ఆ తీరికను మేము మెచ్చుకుంటున్నాం. కానీ చివరి చావు కూడా పాటంత అందంగా ఉంది. అందమైన శవాన్ని చూసి ప్రేక్షకుడు నిట్టూర్చి ఇంటికెళ్ళిపోతాడు. కారంచేడు 1985, చుండూరు 1991 తర్వాత ఈ గడ్డ మీద ఆ అందాన్ని మేము అనుమానంతోనే చూస్తాం.

ఇక మన దేశానికి వద్దాం. అనుభవ్ సిన్హా టీవీ సీరియళ్ళు, పాప్ ఆల్బమ్‌ల వీడియోలు తీసి, 2001లో 'తుమ్ బిన్' అనే ప్రేమకథతో సినిమాకి వచ్చాడు. 2019లో 'ఆర్టికల్ 15' తీశాడు. రాజ్యాంగంలోని 15వ అధికరణాన్ని హిందీ వ్యాపార సినిమా పేరుగా పెట్టడం చిన్న సంగతేం కాదు, ఒప్పుకుందాం. కానీ మొదలు చూడండి. వానలో దళిత జనం ఒక జానపదం పాడతారు. వెంటనే కోత. కారులో బ్రాహ్మణ పోలీసాఫీసరు, లోపల బాబ్ డిలాన్ పాట. మన పాట ఊరి వాతావరణం కోసం, వాళ్ళ పాట కథ నడవడం కోసం! దళిత నాయకుడు నిషాద్ మంచి మాటలు చెప్పి ఎన్‌కౌంటర్‌లో పోతాడు. మాన్‌హోల్‌లోంచి పైకి లేచే పారిశుధ్య కార్మికుడు నెమ్మది కదలికలో కనిపిస్తాడు, అతనికి పేరు లేదు. ఆఫీసరు బురదలోకి దిగితే మాత్రం అది త్యాగం. తరతరాలుగా బురదలో ఉన్నవాళ్ళను అడగండి, దాన్నేమంటారో!

అంటే పుట్టుకే అన్నీ తేల్చేస్తుందా? గ్రే రెండో సినిమా చూశాక అలా అనలేం. అలాగని పుట్టుకతో పనేలేదనీ అనలేం. 'ఫ్రైడే' కథ రాసిన ఇద్దరిలో ఒకడు పాడిన ఐస్ క్యూబే. పాడినవాడి చేతికే కలం వచ్చింది. 'ఆర్టికల్ 15'లో పాట దళితులకిచ్చి, కథను ఆఫీసరు చేతికిచ్చారు. తేడా అక్కడుంది. తమిళనాడులో పా. రంజిత్ ఇంకో దారి పట్టాడు. సినిమాల్లో నిలదొక్కుకున్నాక వెనక్కి వచ్చి క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే పాటల బృందం కట్టించాడు. 2018 జనవరిలో అది చెన్నైలో మొదటిసారి పాడింది. అదే ఏడు అతని నిర్మాణ సంస్థ నుంచి మారి సెల్వరాజ్ 'పరియేరుం పెరుమాళ్' వచ్చింది. తాను ఎక్కిన నిచ్చెనను ఇంకొకరికి అందించడం అంటే ఇది.

కొల్లేరు జనానికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 1970లలో ప్రభుత్వం ఇక్కడి మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాల పేరున చేపల చెరువులిచ్చింది. కొన్నాళ్ళకే అవి లీజుల మీద డబ్బున్న ఆసాముల చేతికి పోయాయి. సంఘం పేరు మనది, చెరువు వాళ్ళది, కాపలా కూలి మళ్ళీ మనది. 1999లో అభయారణ్యమన్నారు, 2006లో గట్లు పేల్చారు. ఏం చేసినా ముందు కూడు పోయింది కూలోళ్ళకే. రేపు సినిమా కూడా అలాంటి చెరువే కాకూడదు: పాట మన పేరున, కథ లీజుకి!

అందుకే మన కుర్రాళ్ళను రెండు మాటలు అడుగుతున్నాం. మీ పాటల్లో వెనక పడవ తోసే మనిషి ఎవరు? సినిమా తీస్తే అతనికీ, రొయ్యలు ఒలిచే అతని భార్యకీ ఎన్ని నిమిషాలిస్తారు? గూడబాతులు అందంగానే ఉంటాయి, తియ్యండి. కానీ గట్టు మీద నిలబడి కొల్లేరును చూపించడం ఎవరైనా చేస్తారు. నీళ్ళలో నిలబడి గట్టును చూపించడం మీరే చెయ్యాలి. ఈ చర్చను పేటల్లో, హాస్టళ్ళలో, సంఘాల్లో కొనసాగించమని కార్యకర్తలనూ అధ్యాపకులనూ కోరుతున్నాం.