ఈదుతున్న కణాలన్నీ గట్టివి కావు

ఎదకొచ్చిన గేదెకు సూది వేయించాక మూడు వారాలకు అది మళ్లీ పొర్లితే (ఎదకొస్తే), నింద ముందు గేదె మీద పడుతుంది, తర్వాత సూది వేసిన గోపాలమిత్ర మీద పడుతుంది. వీర్యం నింపిన స్ట్రాను ఎవరూ అనుమానించరు. అది పరీక్షలో నెగ్గే వచ్చింది మరి. 0.25 మిల్లీలీటర్ల ఆ గొట్టంలో సుమారు 2 కోట్ల వీర్యకణాలుంటాయి, కరిగించాక వాటిలో సగమైనా ముందుకు ఈదితే స్ట్రా పనికొచ్చినట్టే లెక్క. ఈత ఒక్కటే చూసి ఇచ్చే ఈ తీర్పు చాలదని నా వాదన.

1949లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు గ్లిసరాల్ కలిపితే కణాలు గడ్డకట్టినా బతుకుతాయని చూపారు. మంచు పలుకుల బెడద దాంతో చాలావరకు తీరింది గానీ ఆక్సిజన్ బెడద తీరలేదు. వీర్యకణం పైపొరలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ. అండంతో కలిసిపోవడానికి ఆ మెత్తదనం కావాలి, కానీ అవే తొందరగా ఆక్సీకరణకు లొంగుతాయి. నిలవ నూనె ముక్కిపోయేదీ ఈ రసాయన చర్యతోనే. పైగా వీర్యకణం తయారయ్యేటప్పుడే తన జీవద్రవ్యాన్ని దాదాపు అంతా వదిలేసుకుంటుంది, దానితోపాటే రక్షక ఎంజైములూ పోతాయి. దానికి మిగిలిన ఆసరా వీర్యద్రవమే, దాన్నీ మనం డైల్యూటర్ పోసి పలచన చేస్తాం. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో రసాయన చర్యలు దాదాపు ఆగిపోతాయి కాబట్టి, దెబ్బంతా చల్లబరిచేటప్పుడూ కరిగించేటప్పుడూ తగిలేదే. ఇక్కడ చచ్చిన కణాలు ఊరికే ఉండవు. వాటి నుంచి బయటపడే ఒక ఎంజైము అమైనో ఆమ్లాల మీద పనిచేసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది, అది బతికున్న వాటిని కాటేస్తుంది. ఇలా డీఎన్ఏ చెడిన కణం కూడా ఈదగలదు, అండాన్ని ఫలదీకరించగలదు కూడా. పిండం నిలవకపోతే రైతుకు కనిపించేది మళ్లీ పొర్లిన గేదె మాత్రమే.

ఆక్సీకరణను అడ్డుకునే విటమిన్ ఇ, గ్లుటాథియోన్, టారిన్ లాంటివి డైల్యూటర్‌లో కలిపితే సరిపోదా అని అడుగుతారు. కలిపి చూశారు. ప్రయోగశాలలో లెక్కలు మెరుగుపడ్డ సందర్భాలు చాలానే ఉన్నాయి, చూడి శాతం మాత్రం అంత నమ్మకంగా పెరగలేదు. అండాన్ని చేరే ముందు కణం పరిపక్వం కావడానికి కొద్దిపాటి ఆక్సీకరణ అవసరం, మోతాదు మించిన మందు దాన్నీ అణిచేస్తుంది. అందుకే చచ్చిన కణాలు ఎక్కువున్న వీర్యాన్ని గడ్డకట్టించకుండానే పక్కన పెట్టడం, ఎండాకాలంలో దున్నలకు నీడ, నీళ్లు చూడటం నాకు మేలనిపిస్తుంది. చూడి నిలవకపోవడానికి మేత లోపం, ఎద గుర్తించడంలో ఆలస్యం పెద్ద కారణాలన్నదీ నిజమే. వాటిని రైతు తన కొట్టంలోనే సరిదిద్దుకోగలడు, స్ట్రా లోపలికి మాత్రం చూడలేడు. కణాల పైపొరను పరీక్షించడానికి ఖర్చు కూడా సాకు కాదు. ఫ్రక్టోజ్, సోడియం సిట్రేట్ కలిపిన పలచటి ద్రావణంలో కణాలను కాసేపు ఉంచితే, పైపొర గట్టిగా ఉన్నవాటి తోకలు ఉబ్బి చుట్టుకుంటాయి. వాటిని లెక్కించడానికి మామూలు మైక్రోస్కోపు చాలు.

కరీంనగర్, నంద్యాల వంటి వీర్య కేంద్రాలు ప్రతి బ్యాచ్‌కూ ఈతతో పాటు ఈ పరీక్ష ఫలితాన్నీ ప్రకటించాలి. సూది వేసేవారు స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచుతున్నారో లేదో రైతులు దగ్గరుండి చూసుకోవాలి.