పులుసులో బెల్లం, గ్లాసులో రీస్లింగ్

మా ఇంట్లో పాతికేళ్లుగా తేలని తగవు ఒకటుంది. పులుసులో బెల్లం వెయ్యాలా, వద్దా? మాది ప్రకాశం జిల్లా, మా ఆవిడది కోనసీమ. బెండకాయ పులుసు ఉడుకుతుండగా నేను వంటింట్లోకి వెళ్తే చాలు, "మీరు అవతలికి వెళ్లండి, నేను వేసేది చూశారంటే మీకు తియ్యగానే అనిపిస్తుంది" అంటుంది. చూడకపోతే అనిపించదా అని చాలాసార్లు వెక్కిరించాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడి, వైన్ రుచి చూడటం కాస్త నేర్చుకున్నాక గానీ ఆ మాట విలువ తెలిసిరాలేదు.

నెలకోసారి శనివారం సాయంత్రం ఐదారుగురం మిత్రులం కలుస్తాం. తలా ఒక సీసా తెస్తాం. రైన్‌గావ్ ద్రాక్షతోటలు మాకు గంట దూరం కాబట్టి సగం సీసాలు రీస్లింగే ఉంటాయి. ఆ ఒక్క ద్రాక్ష మీద జరిగినన్ని వాదనలు మా మధ్య రాజకీయాల మీద కూడా జరగలేదు. నాతో పనిచేసి రిటైరైన జర్మన్ పెద్దాయన ఒకరున్నారు. సీసా మీద 'ట్రోకెన్', అంటే డ్రై, అని లేకపోతే ముట్టరు. లండన్ నుంచి వచ్చిన మిత్రుడు రీస్లింగ్ అనగానే "అది తియ్యటి వైన్ కదా" అని గ్లాసు పక్కకు జరుపుతాడు. చిత్రమేమిటంటే జర్మనీలో జనం ఎక్కువగా తాగేది డ్రైనే. బయటి దేశాల్లో మాత్రం దానికి తీపి వైన్ అన్న పేరు స్థిరపడిపోయింది.

డ్రై అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ద్రాక్షరసంలో చక్కెర ఉంటుంది. ఈస్ట్ దాన్ని తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరుకు దాదాపు 17 గ్రాముల చక్కెర తింటే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. ఈస్ట్ కడుపు నిండా తిననిస్తే చక్కెర మిగలదు. అదే డ్రై. మధ్యలో ఆపేస్తే మిగిలిన చక్కెర తీపిగా నిలిచిపోతుంది. అందుకే జర్మన్ రీస్లింగ్ కొనేటప్పుడు నేను ముందు ఆల్కహాల్ శాతం చూస్తాను. 12, 13 ఉంటే డ్రై అయ్యే అవకాశమే ఎక్కువ. 8 దగ్గర ఉంటే తీపి మిగిలిందన్నమాట.

ఇక అసలు కథ. కిందటి వసంతంలో మా ఇంట్లో కూర్చున్నప్పుడు మూడు సీసాలకు పాత తెలుగు పేపర్లు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, ఒకటి, రెండు, మూడు అని రాసిపెట్టాను. మొదటిది 2018 నాటి రైన్‌గావ్ ట్రోకెన్. ఆ ఏడు జర్మనీలో ఎండలు దంచేశాయి, ద్రాక్ష బాగా ముగ్గింది. రెండోది మోజెల్ లోయ నుంచి వచ్చిన 'ఫైన్‌హెర్బ్'. డ్రైకీ తీపికీ మధ్య ఎక్కడో ఉండే వైన్‌కు వాడే మాట అది. దానికి చట్టంలో కొలత లేదు. మూడోది మోజెల్ కబినెట్, 8 శాతం ఆల్కహాల్, పైకి దాచుకోని తీపి.

పెద్దాయన మొదటి గ్లాసు పుక్కిలించి పెదవి విరిచారు. "ఇందులో తీపి ఉంది." రెండోది తాగి బల్ల మీద చేయి చరిచారు. "ఇదీ, అసలైన డ్రై!" మా మిత్రుల్లో ఒకడైన వరంగల్ తమ్ముడు మాత్రం మూడోది తాగుతూనే మొహం చిట్లించాడు. "నాకొద్దన్నా, చారుల చక్కెర ఏసినట్టుంది." మొదటి గ్లాసునే మళ్లీ నింపుకున్నాడు.

పేపర్లు విప్పాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన డ్రై అన్నదాంట్లో చక్కెర లీటరుకు 12 గ్రాములు. తీపి అన్నదాంట్లో 8. కానీ పులుపు చూడండి. తియ్యగా ఉందన్నదాంట్లో ఆరున్నర గ్రాములు, డ్రై అన్నదాంట్లో తొమ్మిది. మోజెల్ చల్లటి లోయ. నల్లటి పలకరాతి నేల, నిలబడితే కాలు జారే వాలు. అక్కడి ద్రాక్ష పండినా దాని పులుపు చావదు. ఆ పులుపు ముందు 12 గ్రాముల చక్కెర నోరెత్తలేకపోయింది. ముగ్గిన ద్రాక్షలో పులుపు తగ్గేసరికి ఉన్న 8 గ్రాములే ఊరంతా చాటింపు వేశాయి.

ఈ సంగతి యూరప్ చట్టానికీ తెలుసు. లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే నిస్సందేహంగా డ్రై అంటుంది. అయితే పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటుంది. షరతు ఒక్కటే: చక్కెర పులుపుకన్నా 2 గ్రాములకు మించి ఎక్కువ ఉండకూడదు. అంటే పులుపు 7 ఉంటే చక్కెర 9 దాకా ఉన్నా డ్రైయే. చింతపండు ఎంత పిసికారో చూడకుండా బెల్లం ఎక్కువైందని తీర్పు చెప్పకూడదని మా అత్తగారు ఎప్పుడో అన్న మాటను బ్రస్సెల్స్‌లో చట్టం చేసి పెట్టారు.

నమ్మకం కుదరకపోతే మీ వంటింట్లోనే చూసుకోవచ్చు. రెండు గ్లాసుల నీళ్లు తీసుకుని రెండింట్లోనూ రెండేసి చెంచాల పంచదార కలపండి. ఒకదాంట్లో నిమ్మకాయ పిండండి. పంచదార నీళ్లు రెండు గుక్కలకే వెగటేస్తాయి. నిమ్మరసం గ్లాసు ఖాళీ అయిపోతుంది. లీటరు కోకాకోలాలో నూరు గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. మేం తాగిన కబినెట్‌లో 45 గ్రాములే. అయినా "నాకు తీపి వైన్ పడదు" అనేవాళ్లలో చాలామంది కూల్‌డ్రింక్ గటగటా తాగేస్తారు. వైన్ వ్యాపారుల్లో ఒక నానుడి ఉంది: జనం నోటితో డ్రై అడుగుతారు, నాలుకతో తీపి తాగుతారు అని.

మరి తీపి అంటే ఈ మొహమాటం ఎందుకు? దీని వెనక పరువు గొడవ ఉంది. 19వ శతాబ్దం చివర్లో రైన్ నది తోటల వైన్లు లండన్‌లో మేటి బోర్డో వైన్ల సరసన అమ్ముడయ్యేవి, కొన్నిసార్లు వాటికన్నా ఎక్కువ ధర పలికేవి. ఆ తోటల్లోని యోహానిస్‌బెర్గ్ కోట ముంగిట్లో ఇప్పటికీ ఒక గుర్రపు రౌతు విగ్రహం ఉంటుంది. 1775లో కోత మొదలుపెట్టడానికి ఫుల్డా నుంచి అనుమతి తేవాల్సిన ఆ రౌతు ఆలస్యంగా వచ్చాడట. ఈలోగా ద్రాక్షలు కుళ్లు పట్టి ముడుచుకుపోయాయి. తీరా పిండి చూస్తే అద్భుతం. 'స్పేట్‌లేజ', అంటే ఆలస్యపు కోత, అలా పుట్టిందని చెప్పుకుంటారు. అలాంటి ఇంటి పేరు మీద, 20వ శతాబ్దం రెండో సగంలో, పులుపూ పసా లేని చవక తీపి వైన్లు లీబ్‌ఫ్రౌమిల్ష్ పేరుతో సూపర్‌మార్కెట్లను నింపేశాయి. వాటిలో చాలావాటికి రీస్లింగ్‌తో చుట్టరికమే లేదు. నింద మాత్రం రీస్లింగ్ మోసింది. తీపి అంటే వైన్ తెలియనివాళ్ల రుచి అన్న ముద్ర పడింది. 'ట్రోకెన్' అన్న మాట ఒక తరం జర్మన్లకు ఆత్మగౌరవమైంది. మా పెద్దాయనది ఆ తరమే.

అలాగని డ్రై తాగేవాళ్లంతా నటిస్తున్నారని నేననను. వరంగల్ తమ్ముడు పేపర్ చుట్టినా, చుట్టకపోయినా తన రుచి తాను పట్టుకున్నాడు. మే నెలలో ఇక్కడ తెల్ల ఆస్పరాగస్ దిగుతుంది. ఉడికించి వెన్న పోసిన ఆ కాడల పక్కన కబినెట్ పెడితే ఒకదానికొకటి పొంతన కుదరదు, డ్రై రీస్లింగ్ అయితే వెన్నను కత్తిలా కోస్తుంది. అదే తమ్ముడు వాళ్లింట్లో పచ్చిమిర్చి ఘాటుతో చేసిన కోడివేపుడు పెట్టిన రోజు డ్రై వైన్ నోట్లో నిప్పు పెట్టింది. కబినెట్ చల్లార్చింది. "ఇయ్యాల మటుకు ఇదే మంచిగున్నదన్నా" అని ఆ పూటకు ఒప్పుకున్నాడు. ఏది గొప్ప అని అడిగితే జవాబుండదు. దేని పక్కన అని అడిగితే ఉంటుంది.

మూణ్నెల్ల కిందట పెద్దాయన తన నేలమాళిగలోంచి ఒక సీసా తెచ్చారు. 1990 నాటి మోజెల్ స్పేట్‌లేజ. భార్య కొనిపెట్టిందట. ఆవిడకి తీపి ఇష్టం, ఈయన ముట్టలేదు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. మూత తీయగానే ముందు కిరసనాయిలు వాసన లాంటిది వచ్చింది. వయసు మళ్లిన రీస్లింగ్ లక్షణమే అది. వెనకాల తేనె, ఎండిన నేరేడాకు లాంటి వాసన. సీసాలో చక్కెర ఎక్కడికీ పోదు, ముప్ఫై ఏళ్ల కిందట ఎంత ఉందో అంతే ఉంటుంది. కానీ నాలుకకు అది అంత తీపిగా తగలదు. ఏళ్లు గడిచేకొద్దీ మిగతా రుచుల్లోకి ఇంకిపోతుంది. పెద్దాయన రెండు గుక్కలు తాగి, మాటల్లేకుండా గ్లాసు కేసి చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఖాళీ గ్లాసు మళ్లీ ముందుకు జరిపారు.

మా ఆవిడ ఎప్పుడూ తాగదు. ఆ రోజు మాత్రం గ్లాసు అందుకుని అడుగున ఉన్న చుక్క రుచి చూసింది. "పులుసు బాగా మరిగింది" అంది. "బెల్లం ఎక్కడుందో చెప్పండి చూద్దాం."

నేను చెప్పలేకపోయాను.