పునాదికి ముందు చూపు

కొత్త షాపింగ్ కాంప్లెక్స్ ప్రారంభం నాడు యజమానికి దండలు, ఆర్కిటెక్టుకు శాలువా. ముగ్గు పోయకముందే ఆ ప్లానును గీత గీతగా చదివిన టౌన్ ప్లానింగ్ అధికారి ఆ సందడిలో ఎక్కడా ఉండరు.

ఆయన ముందు రోడ్డు చూస్తారు. ఇవాళ 40 అడుగులే కావచ్చు. మాస్టర్ ప్లానులో 60 ఉంటే, విస్తరణకు పోయే జాగా వదిలించి సెట్‌బ్యాక్ అక్కడి నుంచి కొలుస్తారు. తర్వాత సెల్లార్. కాగితం మీద పార్కింగ్ గళ్లు గీయడం ఎవరికైనా వచ్చు. ర్యాంపు దిగిన కారు స్తంభానికి తగలకుండా తిరుగుతుందా? వాలు మరీ నిటారుగా ఉందా? ఆ సెల్లార్ రేపు గోదాముగా మారే వాలకం ఉందా? మన ఊళ్ల సెల్లార్లకు ఆ జబ్బు ఎక్కువ.

అందుకే తెలంగాణ భవన నిర్మాణ నిబంధనలు-2012లో కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని తనఖా పెట్టించుకునే ఏర్పాటు ఉంది. ప్లాను ప్రకారమే కట్టారని తేలాకే విడుదల. నాకు నచ్చిన షరతు ఇదే. నోటీసులకు లొంగనివాళ్లు దీనికి లొంగుతారు.

2020లో భవన అనుమతుల ఆన్‌లైన్ విధానం టీఎస్-బీపాస్ వచ్చి, అనుమతికి 21 రోజుల గడువు పెట్టింది. కొలతలు సాఫ్ట్‌వేర్ చూడగలదు. పక్క నాలా వానాకాలంలో ఎటు పొంగుతుందో, బడి పిల్లలు ఏ గేటు నుంచి రోడ్డెక్కుతారో దానికేం తెలుసు? ఈ శాఖకున్న చెడ్డపేరు ఊరికే రాలేదు, ఒప్పుకుంటాను. అయినా సైటుకెళ్లి, టేపు పట్టి, ‘ఈ గేటు పక్క వీధిలోకి జరపండి’ అని రాసే మనిషి అక్కడ ఇంకా ఉన్నారు.