కోడిగుడ్డులో పండే టీకా

ఫ్లూ టీకా డోసు అర మిల్లీలీటరు. సిరంజిలో చూస్తే కాస్త మసకబారిన నీళ్లలాగే ఉంటుంది. దాన్ని తయారుచేసే పని చాలావరకు కోడిగుడ్డు లోపల జరుగుతుంది.

కూరకు వాడే గుడ్డు పనికిరాదు, పుంజు కలిసినదే కావాలి. దాన్ని పదిరోజులు అటూ ఇటూగా పొదిగించి, చీకటిగదిలో దీపానికి అడ్డంగా పెడతారు. పెంకు వెలిగి లోపలి రక్తనాళాలు, కదులుతున్న పిండం, మొద్దు కొసన గాలిగది కనిపిస్తాయి. కదలిక లేని గుడ్డును తీసేస్తారు. గాలిగది వైపు చిన్న బెజ్జం చేసి, నాళానికి తగలకుండా సూది దించి వైరస్ ఎక్కిస్తారు. అది చేరేది పిండంలోకి కాదు, దాని చుట్టూ ఉన్న ఒక సంచిలోని ద్రవంలోకి. ఆ సంచి పొరలోనే వైరస్ పెరుగుతుంది.

రెండు మూడు రోజులయ్యాక గుడ్లను బాగా చల్లబరుస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చిన మెట్టు ఇదే. చలికి నాళాలు ముడుచుకుంటాయి, ద్రవం తీసేటప్పుడు నెత్తురు కలవదు. కలిస్తే ఫ్లూ వైరస్ ఎర్రకణాలను అంటుకుని వాటితోనే పోతుంది. 1941లో శాస్త్రవేత్త జార్జ్ హర్స్ట్ గమనించింది ఈ అంటుకునే గుణాన్నే. ఎర్రకణాలు గుంపుకట్టే తీరును బట్టి వైరస్ ఎంతుందో కొలవడం అప్పటి నుంచే మొదలైంది. ఒకచోట అడ్డుపడే గుణం మరోచోట కొలబద్ద!

ఆపైన ఫార్మలిన్ లాంటి రసాయనంతో వైరస్‌ను చంపి, శుద్ధిచేసి, సాధారణంగా ముక్కలు కూడా చేస్తారు. "టీకా వేయించుకుంటే ఫ్లూ రాదా?" అని భయపడేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. చచ్చి ముక్కలైన వైరస్ జబ్బు తేలేదు. చెయ్యి సలపడం, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా ఫ్లూ తగిలితే నింద టీకా మీద పడుతుంది. ఉత్త పడిశాన్నీ ఫ్లూ ఖాతాలోనే వేస్తుంటాం. పడిశం మెల్లగా ముదురుతుంది. ఫ్లూ ఒక్కసారిగా పడేస్తుంది: జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు, లేవలేనంత ఒళ్లునొప్పులు. ఆయాసం వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు.

వైరస్ వేషం మారుస్తూ ఉంటుంది కాబట్టి ఏటా కొత్త టీకా కావాలి. ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధానికి సెప్టెంబరులో ఏ రకాలు వేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. గుడ్ల ఏర్పాటు అంతకుముందే జరగాలి. 1957లో హాంకాంగ్‌లో ఫ్లూ వ్యాపిస్తోందన్న వార్త పేపర్లో చదివిన అమెరికా శాస్త్రవేత్త మారిస్ హిల్లేమన్, కోళ్ల రైతులకు పంపిన కబురు పుంజులను కోయొద్దని. పుంజు లేనిదే పొదిగే గుడ్డు లేదు మరి.

లోపం లేకపోలేదు. గుడ్డుకు అలవాటుపడే క్రమంలో వైరస్, ముఖ్యంగా హెచ్3ఎన్2 రకం, కొంచెం మారిపోతుంది. అప్పుడు టీకా గురి తప్పుతుంది. అందుకే గుడ్డు లేకుండా, ప్రయోగశాల కణాల్లో చేసే టీకాలూ వచ్చాయి.

మన దగ్గర ఫ్లూ వానల్లో ఒకసారి, చలికాలంలో మరోసారి పెరుగుతుంది. అందువల్ల టీకా వేయించుకునేటప్పుడు పెట్టె మీద ఏ ఏడాది, ఏ అర్ధగోళం అని రాసుందో అడిగి చూడండి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచారా అనీ అడగండి. గడ్డకట్టిన డోసును పారేయాల్సిందే.