తేమను చూసి ఏసీ కొనాలి

పల్నాడులో పుట్టి పెరిగినవాళ్లకు ఎండంటే రెంటచింతల ఎండే. అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. సింగపూర్‌లో ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలు: 1983లో తెంగాలో ఒకసారి, 2023 మే 13న ఆంగ్ మో కియోలో మరోసారి. ఈ అంకెలు చూసి, ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాటు తాళాలు అప్పుడే చేతికొచ్చిన తెలుగు కుటుంబం ఇక్కడ ఏసీ ఎంచుకోవడం తేలికే అనుకుంటుంది. కానీ ఊళ్లో నేర్చుకున్న లెక్క ఇక్కడ కుదరదు. హైదరాబాద్‌లో వేసవంతా గట్టెక్కించే కూలర్‌నే తీసుకోండి. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలిలో సగటున 80 శాతానికి పైగా తేమ ఉండే చోట ఆ పని సరిగా సాగదు, పైగా గదిలో ఉక్క ఇంకా పెరుగుతుంది.

అసలు ఏసీ పుట్టిందే తేమను అదుపు చేయడానికి. బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కార్ఖానాలో కాగితం తేమకు సాగి, రంగులు పడాల్సిన చోట పడక ఇబ్బంది పెడుతుంటే, 1902లో విల్లిస్ క్యారియర్ దానికి విరుగుడుగా తన యంత్రానికి రూపకల్పన చేశాడు. ఉక్కపోసే సింగపూర్‌లో ఆ యంత్రానికి ఎంత విలువంటే, 1959లో ప్రధాని అయిన లీ క్వాన్ యూ, ప్రభుత్వోద్యోగులు పనిచేసే భవనాల్లో ఏసీలు పెట్టించడం తాను మొదట చేసిన పనుల్లో ఒకటని తర్వాతి కాలంలో చెప్పారు.

మన దగ్గర షాపులో మొదటి ప్రశ్న ‘టన్నా, టన్నున్నరా?’ అని. ఇక్కడ 9 వేల బీటీయూ, 12 వేల బీటీయూ అంటారు. 12 వేలంటే ఒక టన్ను. మామూలు హెచ్‌డీబీ పడకగదికి 9 వేలు సాధారణంగా సరిపోతాయి. అయినా ‘ఎందుకైనా మంచిది, పెద్దదే తీసుకుందాం’ అనేవాళ్లు చాలామంది. సరిగ్గా అక్కడే దెబ్బ తింటారు. అవసరానికి మించిన ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ మాత్రం గదిలోనే మిగిలిపోతుంది. గాలిలోని నీరు చల్లటి కాయిల్‌కు పట్టి, బొట్లుబొట్లుగా డ్రైన్ పైపులోకి జారాలంటే యంత్రం నెమ్మదిగా, ఎక్కువసేపు నడవాలి. రిమోట్ మీద 23 అని కనబడుతున్నా దుప్పటి చెమ్మగా తగులుతోందంటే కారణం చాలాసార్లు ఇదే.

ఇక సిస్టమ్ 2, సిస్టమ్ 3, సిస్టమ్ 4. బయట గోడ అంచున ఒకటే అవుట్‌డోర్ యూనిట్, లోపల గదికొకటి చొప్పున రెండు, మూడు, నాలుగు. రాత్రి నడిచేది మాత్రం సాధారణంగా ఒకటో రెండో. అందుకే ఒక్క గదిలోనే వేసినప్పుడు అవుట్‌డోర్ యూనిట్ ఎంత తక్కువ సామర్థ్యానికి దిగి నడవగలదన్నది తప్పక అడగాలి. 2008 నుంచి తప్పనిసరైన, విద్యుత్ పొదుపును టిక్కుల్లో చూపే లేబుల్ కూడా ఈ సంగతిని లెక్కలోకి తీసుకుంటుంది. ఇన్వర్టర్ ఏసీలకు మార్కులు వేసేటప్పుడు పూర్తి లోడుకు 40 శాతం, సగం లోడుకు 60 శాతం విలువ ఇస్తారు. హాల్లో ఫ్యాను సరిపోయే ఇంటికి సిస్టమ్ 4 అంటగట్టే సేల్స్‌మన్ మాట వినక్కర్లేదు. 25 డిగ్రీలు పెట్టి ఫ్యాను కూడా వేసుకోమని జాతీయ పర్యావరణ సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. మన దేశంలోనూ 2020 జనవరి 1 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తోనే వస్తున్నాయి.

అయితే యంత్రం కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దాన్ని బిగించే పని మీద. కొటేషన్‌లో మోడల్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రాగి గొట్టం మందమెంత, దాని చుట్టూ తొడిగే నల్లటి ఇన్సులేషన్ ఎంత మందం అన్న వివరాలు వెతికినా దొరకవు. ఈ తేమలో ఆ తొడుగు పలచబడ్డా, అతుకు దగ్గర వేలెడంత ఖాళీ వదిలినా గొట్టానికి చెమట పడుతుంది. ఆ నీరు గొట్టాలను కప్పే ట్రంకింగ్‌లోంచి కారి గోడ మీద పసుపు మరక కడుతుంది, తర్వాత బూజు పడుతుంది. డ్రైన్ పైపుకు వాలు సరిగా లేకపోతే నీరు వెనక్కి తన్ని ఇండోర్ యూనిట్‌లోంచి మంచం మీద పడుతుంది. గ్యాస్ వదిలే ముందు గొట్టాల్లోని గాలిని, చెమ్మను వ్యాక్యూమ్ పంపుతో లాగేయాలి. తొందరలో ఉన్న పనివాడు ముందుగా తగ్గించేది ఈ సమయాన్నే. దగ్గర నిలబడి పంపు మీటర్ చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అవుట్‌డోర్ యూనిట్ కింద పడితే ప్రాణాలకే ముప్పు కాబట్టి, భవన, నిర్మాణ సంస్థ (బీసీఏ) శిక్షణ పొందిన ఇన్‌స్టాలర్ చేతే పెట్టించాలన్నది హెచ్‌డీబీ నియమం. 1994కు ముందు కట్టిన పాత ఫ్లాటు కొన్నవాళ్లు ముందుగా మెయిన్ స్విచ్ చూసుకోవాలి. 30 ఆంపియర్లదైతే దాన్ని 40కి మార్పించాల్సి రావచ్చు, అందుకు అనుమతి కావాలి. ఏ గ్యాస్ ఏసీ కొనాలన్న చిక్కు చాలావరకు తీరింది. భూతాపాన్ని ఎక్కువగా పెంచే ఆర్-410ఏ లాంటి గ్యాసులతో నడిచే కొత్త ఇంటి ఏసీల సరఫరాను 2022 అక్టోబరు నుంచి ఆపేశారు. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా ఆర్-32వి. అర్హతగల హెచ్‌డీబీ కుటుంబాలకు 2024 ఏప్రిల్ నుంచి ఇచ్చిన 300 డాలర్ల క్లైమేట్ వోచర్లు అయిదు టిక్కుల ఏసీకి వాడుకోవచ్చు.

తెంగా కొత్త పట్టణంలో ఇంకో దారి ఉంది. భవనాల పైకప్పు మీద చిల్లర్లు పెట్టి, చల్లటి నీటిని గొట్టాల్లో ఫ్లాట్లకు పంపే కేంద్రీకృత ఏర్పాటును విద్యుత్ సంస్థ ఎస్పీ గ్రూప్ నడుపుతోంది. అందులో చేరినవాళ్లకు సొంత అవుట్‌డోర్ యూనిట్ అక్కర్లేదు. అయినా పడకగది గోడకు ఇండోర్ యూనిట్, దానికొక డ్రైన్ పైపు, తొడుగు వేసిన చల్లనీటి గొట్టం అక్కడా ఉంటాయి. అవి ఎటు వెళ్తున్నాయో, అతుకులు ఎలా ఉన్నాయో ట్రంకింగ్ మూత బిగించేలోపే చూసి ఫోటోలు తీసుకోవాలి.