శెనక్కాయ పీకేటప్పటి నుంచి

ఈ వారం చేతికొచ్చిన ఓ పిల్లోడి ఫైల్లో నాలుగు ఆస్పత్రుల చీటీలున్నాయి. వైరల్ జ్వరం, టైఫాయిడ్, మైగ్రేన్, చివరికి మెదడువాపు. అన్నింట్లోనూ మొదటి మాట ఒకటే, ‘3 రోజులుగా జ్వరం’. చదివి ఒళ్లు మండింది. పిల్లోడి నాయనను అడిగితే తడుముకోకుండా చెప్పాడు: “శెనక్కాయ పీకేటప్పుడే తలకాయ నొస్తాందనె సారూ. అప్పట్నుంచి అన్నం సరిగా తినల్యా.” పంట ఇంటికి చేరి నెల దాటింది.

రోగం ఎన్నాళ్లదో అడగండని ఇక్కడ ఎన్నిసార్లు మొత్తుకున్నానో పాత పాఠకులకు తెలుసు. మామూలు బ్యాక్టీరియా మెనింజైటిస్ గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో మనిషిని పడేస్తుంది. టీబీ మెనింజైటిస్ వారాలు తీసుకుంటుంది. ముందు సన్నజ్వరం, తలనొప్పి, ఆకలి పోవడం, ఆడుకునే పిల్లలు విసుక్కుంటూ మూలన కూర్చోవడం. మెడ బిగుసుకోవడం, మెల్లకన్ను, మగత ఆ తర్వాత. క్షయ క్రిమిని కోక్ కనిపెట్టింది 1882లో. అంతకు వందేళ్లకు పైగా ముందే, 1768లో అచ్చయిన పుస్తకంలో, ఎడిన్‌బరో వైద్యుడు రాబర్ట్ విట్ ఈ దశలను వరుసగా రాసిపెట్టాడు. ఆయనకు స్కానింగ్ లేదు, ల్యాబ్ లేదు. మంచం పక్కన కూర్చుని చూశాడు, అడిగాడు.

మన అనంతపురంలో ఆ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. వాన ముఖం చాటేసిన ఏడు ఇంటిల్లిపాదీ బెంగళూరు పనులకు పోతారు. అక్కడొక చీటీ, ధర్మవరంలో ఒకటి, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు. ఆ మాత్రల్లో లీవోఫ్లాక్సాసిన్ ఉంటే క్షయ క్రిమి కొంత అణిగి, జబ్బు నెమ్మదించినట్టు కనబడుతుంది. అసలు రోగం తేలడం ఇంకా ఆలస్యమవుతుంది. తెలిసి వాడితే అదే మందు ప్రాణం నిలపొచ్చు. హెచ్‌ఐవీతో పాటు టీబీ మెనింజైటిస్ ఉన్నవారికి మెదడులోకి బాగా చేరే లీవోఫ్లాక్సాసిన్, ఇథియోనమైడ్ కలిపి మొదలుపెడితే మరణాలు తగ్గాయని బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రి వైద్యులు 2013లో ప్రచురించారు.

‘పరీక్ష తేల్చేదాకా మందు రాయొద్దు’ అన్నది నా ఇంకో పాత పట్టు. ఈ జబ్బు దగ్గర అది నిలవదు. వెన్నునీటిలో లింఫోసైట్లు పెరిగి, ప్రోటీన్ ఎక్కువై, గ్లూకోజ్ తగ్గితే టీబీని అనుమానిస్తాం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో క్రిప్టోకాకస్ ఫంగస్ కూడా ఇలాగే కనబడొచ్చు. పొరబడితే చిన్న నష్టం కాదు. 14 ఏళ్లు దాటినవారిలో టీబీ మెనింజైటిస్ మరణాలను డెక్సామెథసోన్ తగ్గిస్తుందని 2004లో వియత్నాం పరిశోధన చూపింది. క్రిప్టోకాకస్ రోగులకు అదే మందు హాని చేస్తోందని ఇంకో ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు, ఫలితాలు 2016లో వచ్చాయి. ఆ ఫంగస్‌ను పట్టే యాంటిజెన్ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. టీబీకి అంత నమ్మకమైనది లేదు. జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని చెప్పలేం. కల్చర్‌కు వారాలు పడతాయి, ఆలోగా మగతలో ఉన్న పిల్లోడు కోమాలోకి జారిపోవచ్చు.

వెన్నులో నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయని భయపడే నాయనకు, వెన్నుపాము ముగిసిన చోటుకు కిందనే సూది దిగుతుందని కూర్చోబెట్టి చెప్పండి. నీళ్లు తీయండి. వారాల కథ ఉండి, క్రిప్టోకాకస్ లేదని తేలితే ఆ సాయంత్రమే టీబీ మందులు మొదలుపెట్టండి. కల్చర్ రిపోర్టు వచ్చాక మార్చాల్సొస్తే అప్పుడు మార్చుకోవచ్చు.